నిద్రొస్తోందని నోరు తెరిచి చెప్పండి: బైక్ రైడర్ల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, మేం నలుగురు స్నేహితులం. ముగ్గురివి 350 సీసీ బండ్లు, నాది మాత్రం 150. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అనే లాంగ్ రైడర్ల సంఘం వాళ్లు పెట్టిన శాడిల్‌సోర్ 1000 రైడ్, అంటే 24 గంటల్లో వెయ్యి మైళ్లు, సంక్రాంతి సెలవుల్లో చేయాలనుకుంటున్నాం. అనంతపురం నుంచి నాగపూర్ వెళ్లి వెనక్కి రావడం ప్లాన్. నీ బండి తట్టుకోదు, నువ్వు రావద్దంటున్నారు వాళ్లు. ఇంట్లో అమ్మ కూడా వద్దంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, బండి సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. వెయ్యి మైళ్లంటే 1,610 కిలోమీటర్లు, 24 గంటలతో భాగిస్తే గంటకు 67. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, ఒకప్పుడు మాకూ అలాగే అనిపించింది. కానీ నాలుగు లేన్ల హైవే మీద టూవీలర్‌కు స్పీడ్ లిమిట్ 80. ఎక్కడా బ్రేకు తొక్కకుండా సరిగ్గా 80లోనే పోయినా 20 గంటల పైన పడుతుంది, మిగిలేది నాలుగు గంటల లోపే. పెట్రోలు, తిండి, పంక్చర్ పడితే ఆ పని, రెండుసార్లు హైదరాబాద్ దాటడం, అన్నీ అందులోనే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మన బండ్లను రానివ్వరు కాబట్టి ఊరి మధ్యలోంచో, సర్వీస్ రోడ్డు పట్టుకునో పోవాలి. ఇక నలుగురు కలిసి బంకులో ఆగితే ఏమవుతుందో నీకు తెలియనిది కాదు, ఒకడికి టీ, ఒకడికి బాత్రూమ్, ఒకడు గ్లవ్స్ ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటాడు, ఇంకొకడికి ఫొటో. అరగంట హరీ. అలా ఎనిమిదిసార్లు ఆగితే ఆ నాలుగు గంటలూ అక్కడే అయిపోతాయి.

అందుకే సూటిగా చెప్తున్నా, లిమిట్ దాటకుండా మీ నలుగురూ ఇది పూర్తి చేయలేరు. దాటి చేయమని నేను చెప్పను.

నీ బండికి మాత్రం ఏ లోటూ లేదు. చైను, ఆయిలు, టైర్లు బాగుంటే 150 సీసీ బండి రోజంతా 70, 75లో హాయిగా పోతుంది. గ్రూపు వేగం చిన్న బండిని బట్టే ఉండాలి. ముందు దారి తెలిసినవాడు, వాడి వెనక నువ్వు, చివర బాగా అనుభవమున్నవాడు. ప్రతివాడూ అద్దంలో తన వెనకవాణ్ణి చూసుకోవాలి, కనబడకపోతే స్పీడు తగ్గించాలి. ఒకరి వెనక ఒకరు వరసగా కాకుండా ఒకడు లేన్‌కు కుడి పక్కన, తర్వాతివాడు ఎడమ పక్కన పోతే ముందువాడు సడన్ బ్రేకు కొట్టినా తప్పుకోడానికి చోటుంటుంది.

నాకు అసలు భయం నిద్ర గురించి. మూడేళ్ల కిందట మేం ఐదుగురం నాగపూర్ వైపు నుంచే వస్తున్నాం, తెల్లవారుజామున నాలుగు, డోన్ దాటి గుత్తి వైపు. నాకు జడ్చర్ల నుంచే కళ్లు మూతలు పడుతున్నాయి, కానీ చెప్పడానికి సిగ్గు, అందరూ బాగానే నడుపుతున్నారు కదా అని. హ్యాండిల్ దడదడమని అదిరితే కళ్లు తెరిచా, ముందు చక్రం తెల్ల గీత దాటి కంకర మీద ఉంది, రెయిలింగ్‌కున్న ఎర్ర రిఫ్లెక్టర్లు మోకాలి పక్కనే పోతున్నాయి, వెనకవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. 80లో ఉంటే సెకనుకు 22 మీటర్లు పోతాం, నాలుగు సెకన్లు కళ్లు మూస్తే దాదాపు 90 మీటర్లు. బండి ఆపి కిలోమీటరు రాయి మీద కూర్చున్నా, వేళ్లు కొంకర్లు పోయి గ్లవ్స్ కూడా ఊడిరాలేదు. అప్పుడు ఒక్కొక్కడూ నోరు విప్పాడు, ‘నేనూ గంట నుంచి నిద్రలోనే ఉన్నా’ అని. ఆ హారన్ కొట్టినవాడితో సహా! తర్వాత బంకులో గాలి మిషన్ పక్కన పట్టా పరుచుకుని తెల్లారేదాకా పడుకున్నాం.

రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఒళ్లు నిద్రే కోరుకుంటుంది, ఎంత పెద్ద రైడర్‌కైనా అంతే. టీ తాగితే అది పనిచేయడానికి అరగంట పడుతుంది, కాబట్టి తాగి ఇరవై నిమిషాలు పడుకుని లేవాలి, తాగిన వెంటనే బండెక్కి లాభం లేదు. పొద్దున ఉగ్గాని బజ్జీ దట్టించి బయల్దేరినా గంటకల్లా అదే తంతు (తినొద్దనడం లేదు, ఊరికి తిరిగొచ్చాక తిను).

ఈసారికి ఇలా చేయండి. అనంతపురం, తాడిపత్రి, జమ్మలమడుగు, గండికోట, ప్రొద్దుటూరు, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, కర్నూలు, మళ్లీ అనంతపురం. ఐదు వందలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తెల్లవారి బయల్దేరి చీకటి పడకముందే ఇల్లు చేరాలి, ఎందుకంటే చీకట్లో లైట్లు లేకుండా రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ట్రాక్టర్లు మన దగ్గర మామూలే. సంక్రాంతికి ముందు రెండ్రోజులు మాత్రం వద్దు, హైదరాబాద్ నుంచి ఊళ్లకొచ్చే కార్లతో కర్నూలు రోడ్డు నిండిపోతుంది. అమ్మకు ఈ రూటు కాగితం మీద రాసివ్వు, ఆగిన ప్రతిచోట నుంచీ ఫోన్ చెయ్యి.

ప్రశ్న: రెండు వందల కిలోమీటర్లు దాటితే కూర్చునే చోట మంట పుడుతోంది. సీటు మార్చాలా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సీటుకు డబ్బులు తగలేయకముందు ప్యాంటు మార్చి చూడండి. జీన్స్ కుట్లు సరిగ్గా మనం కూర్చునే చోటే ఉంటాయి, కాటన్ లోదుస్తులు చెమట పీల్చుకుని తడితడిగా ఉండిపోతాయి, మన కడప ఎండలో ఇక చెప్పేదేముంది. సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే, కుట్లు తగలని సింథటిక్ నిక్కరు లోపల వేసుకోండి. నున్నటి ఖాళీ రోడ్డు దొరికినప్పుడు ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడండి. గంటన్నరకోసారి దిగి నడవండి.

ప్రశ్న: ఎండాకాలం టైర్లో గాలి కొంచెం తగ్గించి పెట్టాలంటాడు మా మెకానిక్. నిజమేనా అన్నా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. పరిగెత్తేకొద్దీ టైరు వేడెక్కి గాలి ఒత్తిడి పెరగడం మామూలే, కంపెనీవాడు ఆ పెరుగుదల కూడా చూసుకునే అంకె ఇస్తాడు. తగ్గిస్తే టైరు పక్కలు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అప్పుడే. ఆ అంకె చల్లటి టైరుకు ఇచ్చింది, కాబట్టి పొద్దున బండి తీయకముందే చూసుకోవాలి. పది కిలోమీటర్లు పోయి బంకులో కొలిస్తే తప్పు చూపిస్తుంది. గాలి కొలిచే చిన్న గేజ్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి.