అమెరికా బృందం హోముకు వస్తుంటే ఏం తెమ్మనాలి?

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికా నుంచి పదిమంది మిషనరీలు మా సంఘానికి వస్తున్నారు. ఊరి బయట ఒక పాస్టరు గారు నడిపే అనాథాశ్రమంలో ఒక పూట గడుపుతారట. 35 మంది పిల్లలు, వసతులు అంతంతమాత్రం. ఏం తెమ్మని చెప్పాలి?"

ఏమీ తేవద్దని చెప్పండి. రెండు సూట్‌కేసుల నిండా చాక్లెట్లు, ఒకే సైజు టీషర్టులు, ఇంగ్లీషు బొమ్మల బైబిళ్ళు తెస్తారు. అవి ముగిసేసరికి హోము మళ్ళీ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. చేయాల్సిన పని వేరే ఉంది, అందులో సగం వాళ్ళ విమానం దిగకముందే మీరు చేయాలి.

కోస్తా జిల్లాల్లో ఇలాంటి హోముల్లో ఆ పూట దాదాపు ఒకేలా నడుస్తుంది. తెల్లారి నాలుగింటికే పిల్లల్ని లేపేస్తారు. ఒకటే బోరు, ఒకటే తొట్టి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు తలంట్లు పోసి, నూనె రాసి, జడలేస్తారు. బీరువాలో దాచిన మంచి బట్టలు బయటికొస్తాయి. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర రెండు వరసల్లో, చేతుల్లో బంతిపూల రేకుల పళ్ళేలతో నిలబెడతారు. వ్యాను పన్నెండున్నరకి వస్తుంది. అప్పటికి రేకులు వాడిపోయి ఉంటాయి, చిన్నవాళ్ళు గోడ నీడకు జారిపోయి ఉంటారు. స్వాగత గీతం, యాక్షన్ సాంగు, ప్రార్థన, వాక్యం, దానికి అనువాదం. తర్వాత ఎవరో ఒక పిల్లని ముందుకు పిలిచి "నీ సాక్ష్యం చెప్పమ్మా" అంటారు. నాన్న ఎలా పోయాడో ఆ పిల్ల మైకులో చెబుతుంది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఫోన్లు మాత్రం పైకే ఉంటాయి. నా మటుకు ఆ మైకు ఒక్కటి తీసేసినా సగం మేలు జరిగినట్టే. ఆ ఫోటోల సంగతి కూడా ముందే చెప్పాలి. బాల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం, సంరక్షణలో ఉన్న పిల్లల పేరు గానీ బొమ్మ గానీ వాళ్ళెవరో తెలిసేలా ప్రచారంలో పెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

ఆ రోజంతా ఎవరి కంటా పడనిది వరసలో ఉన్న పిల్లల వేళ్ళ సందులు. ఎర్రటి పొక్కులు, గోకి గోకి చెక్కు కట్టిన మణికట్లు, నడుం చుట్టూ దద్దులు. గజ్జి. చాపలు ఆనించి పడుకునే ఇరుకు హోముల్లో ఒకరికి వస్తే నెల తిరిగేలోగా అందరికీ పాకుతుంది. దురద రాత్రిపూట ఎక్కువ, నిద్ర ఉండదు, బళ్ళో కునికిపాట్లు. మాస్టారు మాత్రం వీడికి చదువు మీద ధ్యాస లేదంటాడు.

ఇది పోగొట్టడం కష్టం కాదు, సగం సగం చేస్తే మాత్రం ఎప్పటికీ పోదు. ముందు పీహెచ్‌సీ డాక్టరుతో చూపించండి. రెండు నెలల లోపు బిడ్డలుంటే, గర్భిణులుంటే, చీము పట్టిన పుళ్ళుంటే ఆయన చెప్పినట్టే. మామూలుగా రాసేది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. దురద ఉన్నవాళ్ళకే రాయడం అందరూ చేసే తప్పు. పిల్లలు, వంటమ్మ, ఆయా, వార్డెను అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. పెద్దవాళ్ళకు, పెద్దపిల్లలకు 30 గ్రాముల ట్యూబు ఒకటి, చిన్నపిల్లలకు సగం. 35 మందిలో 20 మంది చిన్నవాళ్ళు, నలుగురు సిబ్బంది అనుకుంటే ఒక విడతకు 29 ట్యూబులు, రెండు విడతలకు 58. అరవై కొనండి. సాయంత్రం గోళ్ళు కత్తిరించి, స్నానం చేయించి, ఒళ్ళు పూర్తిగా ఆరాక మెడ నుంచి అరికాలి దాకా పూయాలి. గోళ్ళ కింద, బొడ్డులో, తొడల సందుల్లో, పిరుదుల మధ్య వదిలేశారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటలుంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. మర్నాడు పొద్దున దుప్పట్లు, బట్టలు వేణ్ణీళ్ళలో ఉతికి ఎండేయాలి, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. వారానికి మళ్ళీ అంతా ఇలాగే. పురుగు చచ్చినా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మందు పని చేయలేదని రోజూ పూయకండి, చర్మం పాడవుతుంది.

బృందం వచ్చే ముందు రాత్రి మొదటి విడత పూయండి. మర్నాడు పదిమంది ఆరోగ్యవంతులైన అమెరికన్లు ఒక పూట దొరికితే నలభై దుప్పట్లు ఉతకడం ఎంతసేపు? పాట పాడించుకోవడం కన్నా ఇది మంచి పరిచర్య.

ట్యూబుల డబ్బు మాత్రం మీ ఊరి సంఘమే పెట్టుకోవాలి. ఎందుకంటే ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. విదేశీయుడు చేతిలో పెట్టే కవరులో రూపాయలే ఉన్నా అది విదేశీ విరాళమే, హోముకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే తీసుకోకూడదు. ఉన్నా సరే, 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. "మా సొసైటీకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, మాకు వేయండి, మేం వాళ్ళకిస్తాం" అనే దారి కూడా ఆ సవరణతోనే మూసేశారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ళూ ఈ లెక్కలో విదేశీయులే. ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన ఇస్తే ఆ ఇబ్బంది లేదు. ఇక వీసా: టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు ఆరాధనలో కూర్చోవచ్చు, వాక్యం చెప్పకూడదు, కరపత్రాలు పంచకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది.

మతబోధననూ సాయాన్నీ కలిపితే తప్పేంటంటారా? 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆ తర్వాతే. మిషనరీకే తెలిసిన హద్దు అది. ఇప్పుడేమో బిర్యానీ పొట్లం ముందు కళ్ళు మూయించి పాట పాడిస్తున్నారు.

మీరు ముందే వెళ్ళి చూడాల్సినవి మూడు. ఒకటి, బాల న్యాయ చట్టం 41వ సెక్షను కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అయిదేళ్ళకే చెల్లుతుంది, తేదీ చూడండి. లేకుండా నడిపితే నేరం. అలాంటి చోటికి బృందాన్ని తీసుకెళ్ళకండి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి చెప్పండి. రెండు, మరుగుదొడ్లు. ఆ చట్టం కింద కేంద్రం పెట్టిన నమూనా నియమాల ప్రకారం యాభైమందికి ఎనిమిది ఉండాలి. మూడు, స్టోరు రూము. బియ్యం బస్తాలు ఎప్పుడూ ఉంటాయి, దాతలు తెచ్చేది అవే కాబట్టి. పప్పు డబ్బా మూత తీయండి. అవే నియమాల్లో ఉన్నట్టు రోజుకు మనిషికి 120 గ్రాములంటే 35 మందికి నాలుగు కిలోల పైనే. వారానికి ఒకరోజు చికెన్ గానీ నాలుగు రోజులు గుడ్లు గానీ అన్నారు, గుడ్లయితే 140, అంటే అయిదు ట్రేలు. ఉన్నది రెండు కిలోల పప్పయితే ఆ వారమంతా నీళ్ళ చారే.

అసలు "అనాథ" అన్న మాట కూడా అడిగి చూడండి. తండ్రి పోయి తల్లి కూలికి పోయేవాళ్ళు, తల్లి కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నవాళ్ళు ఎంతమందో తేలుతుంది. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్‌లో, అర్హత ఉంటే, ఇంట్లోనే ఉండి చదివే పిల్లకి నెలకు నాలుగు వేలు వస్తాయి. ఆ కాగితాలు రాసిపెట్టే మనిషి మీ సంఘంలో ఒకరున్నా నాకు పదిమంది అమెరికన్ల కన్నా ఎక్కువ.

తేవాలని మరీ పట్టుబడితే చెప్పులు కొనిపించండి, ఇక్కడే, మీ సంఘం డబ్బుతో. వయసు చెప్పి కొనకండి, సగం సరిపోవు. కాగితం మీద పాదం గీయించి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, సెంటీమీటరు కలపండి. కాగితం మీద పేరు రాయండి.

వాళ్ళు వెళ్ళిన వారానికి రెండో విడత క్రీము పడాలి. అప్పటికి బృందం ఆగ్రాలో ఉంటుంది. ఆ రాత్రి ఎవరు పూస్తారో, దుప్పట్లు ఎవరు ఉతుకుతారో పేర్లు ఇప్పుడే రాసి వంటింటి తలుపు మీద అతికించండి.