టెక్ సందేహాలు: అన్నీ పెద్దక్షరాలే, అయినా తేదీ కనిపించదేం?

ప్రశ్న: మా సంఘం కార్యక్రమాలకు పోస్టర్లు నేనే తయారు చేస్తుంటాను. అన్నీ కనిపించాలని నాలుగు రకాల ఫాంట్లు, పెద్దక్షరాలు వాడుతున్నా. అయినా ‘తేదీ ఎప్పుడు?’ అంటూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. లోపం ఎక్కడ?

అన్నీ పెద్దవే కావడం వల్లే తేదీ మరుగున పడింది. కన్ను తేడాని వెతుక్కుంటుంది. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు కాగితం మీద రాసుకోండి: మొదట ఏది చదవాలి, తర్వాత ఏది, ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రమే చదివేవి ఏవి. సైజులు ఆ క్రమంలోనే ఇవ్వండి. వివరాలకు 16 పెడితే తేదీకి 24, శీర్షికకు 40 దాకా వెళ్లొచ్చు. 16, 18, 20 అని పెడితే ఆ తేడా ఎవరికీ ఆనదు.

నాలుగు ఫాంట్లు అక్కర్లేదు. ఒకే ఫాంటులో రెండు మందాలు చాలు. అయితే మండలి, రామభద్ర లాంటి చాలా తెలుగు ఫాంట్లు ఒక్క మందంలోనే దొరుకుతాయి. వాటికి బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీతల్ని బలవంతంగా లావు చేస్తుంది, అక్షరాల్లోని ఖాళీలు పూడుకుపోతాయి. నోటో శాన్స్ తెలుగులో 9 మందాలున్నాయి, పైగా ఉచితం. ముందు దాంతో ప్రయత్నించండి.

వరుసల మధ్య ఎడాన్నీ చూసుకోండి. మనకు గుడి పైకి వెళ్తుంది, వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.2 లైన్ స్పేసింగ్ ఉంచితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 1.6తో మొదలుపెట్టి, ఫాంటుని బట్టి సర్దుకోండి.

ఇక లేఅవుట్. నా దృష్టిలో ఖాళీ స్థలమే డిజైన్‌లో అన్నిటికన్నా బలమైన పనిముట్టు. తేదీ, సమయం, వేదిక ఒక గుంపుగా దగ్గరగా ఉంచండి. గుంపు లోపల ఎడం 8 అయితే గుంపు చుట్టూ 24 వదలండి. అవి ఒకటే విషయమని చెప్పడానికి గీతలూ డబ్బాలూ అవసరం లేదు. వాక్యాలన్నీ ఒకే ఎడమ అంచు నుంచి మొదలవ్వాలి. మధ్యకు సర్దడం రెండు మూడు పొట్టి వరుసలకే బాగుంటుంది. పూర్తయ్యాక ఫోన్‌ని దూరంగా పట్టుకుని కళ్లు చిట్లించి చూడండి. అప్పుడు కూడా తేదీ తెలుస్తోందంటే పోస్టర్ కుదిరినట్టే.

ప్రశ్న: లేత బూడిద రంగు అక్షరాలు నా లాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తాయి, ప్రొజెక్టర్ మీద చదవలేకపోతున్నారు. ఏ రంగులు వాడాలి?

రంగు ఏదన్నది తర్వాతి మాట. అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగులో ఎంత తేడా ఉందన్నది ముందు చూడాలి. వెబ్ ప్రమాణాల్లో దీనికి ‘కాంట్రాస్ట్ నిష్పత్తి’ అనే లెక్క ఉంది. మామూలు అక్షరాలకు ఈ నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. 18 పాయింట్లు, ఆపైన ఉన్న పెద్దక్షరాలకు 3 చాలు. తెలుపు మీద నలుపుకి 21 వస్తుంది, తెలుపు మీద పసుపుకి 1.1 కూడా రాదు. ముదురాకుపచ్చ మీద ఎరుపు కొట్టొచ్చినట్టుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ అక్కడ నిష్పత్తి చాలా తక్కువే రావచ్చు. పైగా ఎరుపు, ఆకుపచ్చలను విడదీసి చూడలేనివాళ్లు మగవాళ్లలో గణనీయంగా ఉన్నారు. వాళ్లకు ఆ అక్షరాలు దాదాపు మాయమైపోతాయి.

డిజైన్‌ని ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అందులో చదవగలిగితే రంగుల్లోనూ చదవగలరు. ‘కాంట్రాస్ట్ చెకర్’ అని వెతికితే ఉచిత సైట్లు దొరుకుతాయి, రెండు రంగుల కోడ్‌లు ఇస్తే నిష్పత్తి చెబుతాయి. ఒక ప్రధాన రంగు, ఒక తటస్థ రంగు (తెలుపు, నలుపు, బూడిద లాంటిది), మీరు నొక్కి చెప్పాలనుకున్నచోట మాత్రమే మూడోది వాడండి. మూడోదాన్ని పది చోట్ల వాడితే దాని బలం పోతుంది.

ప్రశ్న: స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ ప్రింటులో ఎందుకు వెలిసిపోయినట్టుంటోంది?

స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్ని కలిపి చూపిస్తుంది. ప్రెస్‌లో సీఎంవైకే, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలు. కాంతిలో సాధ్యమయ్యే మెరుపు పచ్చలు, నీలాలు సిరాతో రావు. ఫైలుని మొదటి నుంచే సీఎంవైకేలో చేయండి, ఏ రంగు మసకబారుతుందో ముందే తెలుస్తుంది. ఫొటోలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయేలా అంచు దాటించిన డిజైన్, ఉంచాలి. చిన్న నల్లక్షరాలకు ఒక్క నల్ల సిరానే వాడండి. నాలుగూ కలిపితే ఒక్కో సిరాని అచ్చువేసే ప్లేట్లు కాస్త కదిలినా అంచులు మసకేస్తాయి.

ప్రశ్న: ఫొటోషాప్‌లో వత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడుతున్నాయి.

ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ విభాగానికి వెళ్లి ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ కనిపిస్తే ఎంచుకోండి. పాత వెర్షన్లలో అదే చోట ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది. తర్వాత కొత్త ఫైలు తెరిచి, యూనికోడ్ ఫాంటుతో టైప్ చేసి చూడండి. ఇన్‌డిజైన్ వాడేవాళ్లకు ఇదే వెసులుబాటు పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ పేరుతో ఉంటుంది.