కిస్‌మిస్ డబ్బా మీద అస్థిపంజరం

తమ్ముడూ,

మిరపకోత కూలీల మీద నువ్వు పంపిన కథ చదివాను. కోపం ఉంది, అది మంచిదే. కాకపోతే ఆ కోపమంతా నువ్వే తీర్చేసుకున్నావు, చదివేవాడికి ఏమీ మిగల్చలేదు. పేరా పేరాకీ దోపిడీ అంటావు గానీ ఆ కూలీ ఆవిడ పొద్దుణ్ణించీ ఏం పని చేసిందో ఒక్కచోటా చెప్పవు.

ఎస్తర్ హెర్నాండెజ్ అని ఒక చికానా, అంటే మెక్సికో మూలాలున్న అమెరికన్, చిత్రకారిణి ఉంది, ఆవిడ బొమ్మలు వెతికి చూడు. 1944లో కాలిఫోర్నియాలోని డైనూబా అనే చిన్న ఊళ్ళో, పొలం కూలికి పోయే ఇంట్లో పుట్టింది. చుట్టూ ద్రాక్షతోటలే. తను తాగి, స్నానం చేసి పెరిగిన నీళ్ళలో పురుగుమందులు కలిశాయని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు, అంటే 1982లో, ఆవిడ ఏం చేసిందో చూడు. అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన సన్-మెయిడ్ కిస్‌మిస్ ఎర్ర డబ్బా తీసుకుంది. దాని మీద ఎర్ర టోపీ పెట్టుకుని, ద్రాక్షపళ్ళ తట్ట పట్టుకుని, వెనకాల సూర్యుడితో నవ్వే అమ్మాయి ఉంటుంది కదా, ఆ టోపీ, తట్ట, సూర్యుడు అన్నీ అలాగే ఉంచేసి అమ్మాయిని మాత్రం అస్థిపంజరం చేసింది. కింద అక్షరాల్లో పురుగుమందు, నల్లిమందు, కలుపుమందు, తెగులుమందు అని వరసగా రాసింది. అంతే. ఏడ్చే కూలీ లేదు, నినాదం లేదు. పైగా స్క్రీన్ ప్రింట్, ఒక్క గోడకే అతుక్కుని ఉండే బొమ్మ కాదు, కాపీలు తీసి నలుగురికీ పంచొచ్చు. 2008లో వలస కూలీల్ని పట్టుకుని దేశంలోంచి వెళ్ళగొడుతుంటే మళ్ళీ అదే డబ్బా పట్టుకుంది, ఈసారి అస్థిపంజరానికి మెక్సికో ఆదివాసీ ఆడవాళ్ళ జాకెట్టు తొడిగింది.

కూలి ఇంట్లో పుట్టింది కాబట్టి కుదిరింది అంటావేమో. కొంత నిజమే, నేనేం కాదనను. కానీ ఆ డబ్బా తెలియనివాళ్ళెవరు అక్కడ?

నీ కథలో ఆవిడకి కూలి రోజు లెక్కా, తూకం లెక్కా? కాటా దగ్గర ఎవరు నిలబడతారు? చేతుల మంటకి రాత్రి ఏం రాసుకుంటుంది, చంటిపిల్లని ఆ చేతులతోనే ఎత్తుకుంటుందా? ఇవి నీకు తెలిస్తే రాయి, తెలియకపోతే వెళ్ళి ఓ సాలు పట్టి కోసి చూడు, వెళ్ళగానే నోట్‌బుక్కు తీసి వాళ్ళని టెన్షన్ పెట్టకు.

మార్చి రాసి మళ్ళీ పంపు. మూడో పేజీలో ఉపన్యాసం మాత్రం తీసెయ్, అది ఎప్పుడైనా మీటింగులో మాట్లాడుదువు గాని.

మీ అన్నయ్య