ఒట్టు వేయించుకున్నాను, అది చాలుతుందా?

ప్రశ్న: నేను కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టి ఏడాది అయింది. ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె నుంచి 26 ఏళ్ల అమ్మాయి ఆరు వారాలుగా నా దగ్గరకు వస్తోంది. భర్తతో విడిపోయి పుట్టింట్లో ఉంటోంది. తండ్రి మిర్చి రైతు. మొన్న శనివారం వెళ్లబోతూ, "నేను లేకపోతే మా నాన్నకు ఒక బరువైనా తగ్గుతుంది మేడం" అంది. చనిపోవాలని ఉందా అని అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్లవుతుందని భయపడి, అలాంటి పని చేయనని నా చేతిలో చేయి వేయించుకుని ఒట్టు తీసుకున్నాను. ఇంట్లో చెప్పవద్దని బతిమాలింది. మళ్లీ వచ్చే శనివారం రావాలి. నాకు నిద్ర పట్టడం లేదు. నేను చేసింది సరైనదేనా?

జవాబు: అమ్మా, శనివారం దాకా ఆగవద్దు. ఇప్పుడే ఆమెకు ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోండి, రేపు ఉదయానికి రమ్మనండి. ఫోన్ ఎత్తకపోయినా, ఆమె మాటతీరు మీకు భయం కలిగించినా వెంటనే ఇంట్లోవారితో మాట్లాడండి. మిగిలినది ఆ తరువాత చదువుకోవచ్చు.

మీరు భయపడి ఒట్టు వేయించుకున్నారు, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. నేనూ ఒకప్పుడు ఒక విద్యార్థి చేత అలాంటి హామీ కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాను. మూడు వారాల తరువాత అతన్ని ఆసుపత్రిలో చూశాను, ప్రాణం దక్కింది. "ఆ రాత్రి మీకు ఫోన్ చేద్దామనుకున్నాను మేడం, కానీ మాట ఇచ్చాను కదా, ఏ ముఖంతో చేయను" అన్నాడు. అతన్ని కాపాడుతుందనుకున్న ఆ కాగితమే నా తలుపు మూసేసిందని అప్పుడు అర్థమైంది. ఒట్టు మన మనసుకు ఊరట ఇస్తుందే తప్ప, ఎదుటి మనిషి ఆ గండం గడిచే దారి చూపదు.

కనుక రేపు ముందుగా, "ఆ ఒట్టు సంగతి మరచిపో, ఆ ఆలోచన మళ్లీ వస్తే నాకు చెప్పడం తప్పు కాదు" అనండి. తరువాత సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకోవడం నేను కళ్లారా చూశాను. "పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా" అని అడిగితే "లేవు" అనే జవాబే వస్తుంది. "చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అని ఆలోచించావా? చేయాలనే అనుకున్నావా? ఇదివరకు ఎప్పుడైనా ప్రయత్నించావా?" అని ఒకటి తరువాత ఒకటి, తొందర లేకుండా, ఆమె ముఖం చూస్తూ అడగండి. ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేసే కొలంబియా ప్రశ్నావళిలోని వరుస దాదాపు ఇదే. అయితే వచ్చిన స్కోరు చూసి ప్రమాదం లేదని తేల్చుకోవద్దు. గతంలో ప్రయత్నం చేసి ఉండటం, నిద్ర పూర్తిగా పోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అంతవరకు కుమిలిపోయిన మనిషి కారణం లేకుండా ఒక్కసారిగా నిమ్మళించడం, వీటిలో ఏది కనిపించినా తేలికగా తీసుకోకూడదు. ఎలాగో ఆలోచించుకుని, చేయాలన్న నిశ్చయం కూడా ఉందని తెలిస్తే ఒంటరిగా పంపవద్దు. అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు తోడు ఇచ్చి పంపండి.

అంత దూరం రాలేదనుకుంటే, ఇద్దరూ కలిసి ఒక కాగితం రాయండి. అమెరికాకు చెందిన మనస్తత్వవేత్తలు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక ఇది. ఆలోచన ముంచుకొచ్చే ముందు తనలో ఏమి కనిపిస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏమి చేస్తే కొంత తేలికపడుతుంది, ఎవరి దగ్గరకు వెళ్లి కూర్చోగలదు, ఎవరికి ఫోన్ చేస్తుంది అన్నవి ఆమె మాటల్లోనే ఉండాలి. నా దగ్గరకు వచ్చిన ఒకామె "పిన్ని ఇంటికి వెళ్లి మల్లెపూలు కట్టడం" అని రాసుకుని, ఆ కాగితాన్ని మడతలు చిరిగేదాకా పర్సులో ఉంచుకుంది. చివరన ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416 రాయించండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. ఆ ప్రణాళిక రాసి, తరువాత ఫోన్‌లో పలకరిస్తూ ఉంటే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించిందని, అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం 2018లో వెల్లడించింది. కనుక కాగితం ఇచ్చి ఊరుకోకండి, మీరే ఫోన్ చేస్తూ ఉండండి.

ఇక నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీరు ఒక్క ముక్కలో చెప్పిన "మిర్చి రైతు" అన్న మాట. ఆ ఇంట్లో పురుగుమందు ఎక్కడ ఉంటుందో అడిగారా? చాలాసార్లు ఆ తెగింపు తీవ్రత కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోతే మనిషి మిగులుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించిన తరువాత, 1995 నాటితో పోలిస్తే ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా పడిపోయింది. మందు అందకపోతే అందరూ మరో దారి వెతుక్కుంటారన్నది నిజం కాదు. కాబట్టి మందు ఇంట్లో ఉండకూడదు, ఉంటే తాళం కింద ఉండాలి, తాళంచెవి ఆమెకు తెలియని చోట ఉండాలి. ఈ పని తండ్రి చేయాలి, అంటే ఆయనకు చెప్పక తప్పదు.

ఇంట్లో చెప్పవద్దన్న ఆమె కోరికను గౌరవిస్తూనే, "ప్రాణం విషయంలో మాత్రం నేను దాచలేను, ఎవరికి చెప్పాలో, ఏమి చెప్పాలో నువ్వే నాతో కలిసి తేల్చు" అనండి. ప్రాణాపాయాన్ని ఆపడానికి అవసరమైనంత మేరకు సమాచారం వెల్లడించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ అనుమతిస్తుంది. అవసరమైనంత మేరకే, కాపురం గొడవలన్నీ తండ్రి ముందు పరచనక్కరలేదు. ఆమె ఎదుటే, ఆమె ఒప్పుకున్న మాటల్లో, "అమ్మాయి చాలా బాధలో ఉంది, కొన్నాళ్లు ఒంటరిగా ఉంచవద్దు, మందు డబ్బాలు ఇంట్లో ఉంచవద్దు" అంటే సరిపోతుంది. పోలీసు కేసవుతుందని ఆయన బెదిరితే, అదే చట్టంలోని 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించి శిక్ష నుంచి కాపాడుతుందని, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ లేనే లేదని ధైర్యం చెప్పండి.

మీ నిద్ర సంగతి కూడా ఉంది. ఈ భారం ఒక్కరే మోయకూడదు. ఆమె ఏమన్నదో ఆమె మాటల్లోనే, మీరు ఏమి అడిగారో, ఏమి నిర్ణయించారో, ఎవరికి చెప్పారో తేదీ, సమయంతో సహా రాసి, ఈ రాత్రే మీ సీనియర్‌కు ఫోన్ చేసి చదివి వినిపించండి.