గిలోటిన్ కత్తి ఏటవాలుగా ఎందుకు?

ప్రశ్న: తల నరికే యంత్రం గిలోటిన్‌ను కనిపెట్టిన డాక్టర్ గిలోటిన్ తల కూడా చివరికి దానికిందే తెగిందంటారు, నిజమేనా? దాని కత్తి అంచు ఏటవాలుగా ఎందుకుంటుంది? ప్రెస్సులో కాగితం కోసే మెషిన్‌కూ అదే పేరెందుకు?

జవాబు: అది నిజం కాదు. జోసెఫ్ ఇగ్నాస్ గిలోటిన్ 1814లో జబ్బుచేసి పోయారు. యంత్రాన్ని తయారు చేసిందీ ఆయన కాదు. దొరలకు కత్తివేటు, పేదలకు ఉరి అన్న తేడా పోవాలని, బాధ తెలియని ఒకే పద్ధతి అందరికీ ఉండాలని 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో వాదించారు, అంతే. నమూనా శస్త్రవైద్యుడు ఆంత్వాన్ లూయీది, కట్టింది టోబియాస్ ష్మిట్ అనే జర్మన్ వాద్యాల తయారీదారు. 1792 ఏప్రిల్ 17న బిసెత్ర్ ఆసుపత్రిలో శవాల మీద పరీక్షించి, 25న పారిస్‌లో పెల్లెతియే అనే దారిదోపిడీ దొంగ మీద తొలిసారి వాడారు. ఆ తర్వాతి ఏడాది జనవరి 21న రాజు పదహారో లూయీ వంతు వచ్చింది. ఫ్రాన్స్‌లో ఆఖరిసారి వాడింది 1977 సెప్టెంబరు 10న, మార్సేయ్ జైలులో. 1981లో గానీ అక్కడ మరణశిక్షే రద్దు కాలేదు. అంతకాలం పట్టడం బాధాకరం.

ఇక కత్తి సంగతి. ఎంత నున్నగా కనిపించినా కత్తి అంచు సన్నని రంపమేననీ, తిన్నగా దెబ్బ వేస్తే సరిగా తెగదనీ, జారుతూ దిగాలనీ శస్త్రవైద్యుడు లూయీ తన నివేదికలో రాశారు. పండిన టమాటా మీద కత్తి పెట్టి ఊరికే నొక్కండి, చితుకుతుంది. కాస్త లాగండి, తెగుతుంది. అంచు ఏటవాలుగా ఉంటే కత్తి నిలువునా పడినా తెగేచోట జారినట్టే పనిచేస్తుంది. పైగా మెడ వెడల్పంతా ఒకేసారి తగలదు, బలం ఒకచోటే పడుతుంది. పైనున్న ఇనుప దిమ్మతో కలిపి బరువు సుమారు 40 కిలోలు, పడే ఎత్తు 2 మీటర్ల పైచిలుకు.

ప్రెస్ మెషిన్‌లోనూ కిటుకు అదే: పైనుంచి దిగే కత్తి తిన్నగా రాదు, పక్కకు జరుగుతూ వస్తుంది. కట్ట పైషీట్లు ఒక కొలతకు, కిందివి మరో కొలతకు వస్తుంటే కట్టను నొక్కిపట్టే క్లాంప్ ఒత్తిడి, కత్తి పదును రెండూ చూడండి. అంచు ముక్కలుగా లేస్తుంటే కత్తి మొద్దుబారినట్టే. అడుగు షీటు ఒక్కటే తెగడం లేదంటే మాత్రం కత్తిని అనుమానించకండి. కత్తి దిగేచోట ఉండే కటింగ్ స్టిక్ అరిగి గాడి పడి ఉంటుంది, దాన్ని తిప్పి కొత్త ముఖం పైకి పెడితే సరిపోతుంది.