చార్మినార్ దగ్గరికి ఎన్ని గంటలకు పోవాలి?

పోయిన నెల ఈ పేజీలో పాతబస్తీ గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ప్రశ్నల్లో ముప్పాతిక భాగం "ఎక్కడ" అనే. ఎక్కడ తినాలి, ఎక్కడ గాజులు కొనాలి, ఎక్కడ బండి పెట్టాలి. శాలిబండలో పుట్టి పెరిగినవాడిగా చెప్తున్నా, అక్కడ అడగాల్సింది "ఎప్పుడు" అని. అదే వీధి పొద్దున ఆరింటికి ఒకలా ఉంటుంది, రాత్రి పదకొండింటికి పోతే దారి తప్పామా అనిపిస్తుంది. అందుకే ఈసారి జవాబుల్లో అడ్రస్‌లు తక్కువ, గడియారం ఎక్కువ.

*ప్రశ్న: మాకు ఒక్క రోజే టైమ్ ఉంది, ఇద్దరు పిల్లలతో వస్తున్నాం. ఏం చూడాలి, ఏం తినాలి?*
— ఓ గృహిణి, ఖమ్మం

ఒక్క రోజే అయితే పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండండి. పిల్లలు సణుగుతారు, అయినా లేపండి. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా మీదుగా పత్తర్‌గట్టి వైపు తీసుకొస్తాడు. కారు మాత్రం వద్దు, చెప్పలేదనొద్దు. ఆ వేళకి షట్టర్లన్నీ దించే ఉంటాయి, రోడ్డు ఊడ్చేవాళ్లూ పావురాలూ తప్ప పెద్దగా ఎవరూ ఉండరు, 1591లో కట్టిన చార్మినార్‌ని ఏ బండీ ఏ తలకాయా అడ్డం రాకుండా మొత్తంగా చూడగలిగేది ఆ గంటన్నరలోనే. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చుట్టూ ఉన్న నాలుగు కమాన్లూ పిల్లలతో లెక్కపెట్టించండి. పగలు అదే చోట నిలబడితే ఆటోవాళ్లు తిడతారు.

తర్వాత టిఫిన్. మాంసం తినేవాళ్లయితే నహారీ, దాంతో చార్‌కోనీ నాన్, అంటే నాలుగు మూలల నాన్. నహార్ అంటే అరబ్బీలో పగలు. రాత్రంతా సన్న సెగ మీద ఉడికింది తెల్లారేసరికి తయారవుతుంది, పేరు అందుకే వచ్చింది. తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్లి "బాగా లేదు" అనేవాళ్లకి నా జవాబు ఒకటే, మీరు తిన్నది అడుగున మిగిలింది. అంత బరువు వద్దనుకుంటే ఖిచిడీ, ఖీమా, ఖట్టా చెప్పండి. ఈ ఖట్టా నువ్వులూ చింతపండూ కలిపి చేసే పులుసు, మన పచ్చిపులుసుకి దగ్గరి చుట్టం, పిల్లలకి కూడా నచ్చుతుంది.

చార్మినార్ పైకి తొమ్మిదిన్నర నుంచి పంపిస్తారు. మెట్లు ఇరుకు, చీకటి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద చాయ్ తాగుతూ కూర్చోవడం మంచిది. మక్కా మసీదు పక్కనే, కుతుబ్‌షాహీల కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. మోకాళ్లు కనపడే బట్టలతో వెళ్లకండి, శుక్రవారం మధ్యాహ్నం అసలే వద్దు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో తిరగకుండా ఎక్కడైనా నడుం వాల్చి, సాయంత్రం దీపాలు పెట్టాక మళ్లీ ఒక రౌండ్ వేయండి.

*ప్రశ్న: మేం శాకాహారులం. పాతబస్తీలో మాకేం దొరుకుతుంది?*
— రిటైర్డ్ టీచర్, తెనాలి

గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల పొద్దున దోసె బండ్లు ఉంటాయి సార్. దోసె మీద ఉప్మా వేసి, కారం చల్లి, బట్టర్ పెట్టి, అట్లకాడతో పెనం మీదే అన్నిటినీ కలిపి మెదిపేస్తాడు. తెనాలిలో దాన్ని దోసె అంటే ఒప్పుకోరేమో, ఆకలితో ఉన్నప్పుడు మాత్రం ఒప్పుకుంటారు. తీపికి ఖుబానీ కా మీఠా ఉంది, ఎండు ఆప్రికాట్‌తో చేసేది. చాయ్, బిస్కట్ సరేసరి.

*ప్రశ్న: లాడ్ బజార్‌లో గాజులు కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే చేతికి ఎక్కలేదు. బేరం ఆడడం కూడా నాకు రాదు. ఏం చేయాలి?*
— డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

ముందు సైజు సంగతి. గాజుల మీద 2.4, 2.6 అని ఉంటే దాన్ని దశాంశం అనుకోవద్దు. రెండు నాలుగు అంటే రెండంగుళాలూ, అంగుళంలో పదహారో వంతులు నాలుగూ, అంటే రెండుంపావు అంగుళాల వ్యాసం. లక్క గాజు లాగితే సాగదు, మట్టి గాజులా సబ్బు నీళ్లతో తోస్తే పగలొచ్చు. అందుకని కొనేటప్పుడే ఒకటి ఎక్కించి చూసుకోవాలి, మొహమాటం వద్దు.

బేరం కంటే ముందు, చేసేవాళ్లు పని చేస్తుంటే ఒక్కసారి నిలబడి చూడండి. వెనక గల్లీల్లో కనిపిస్తారు. నిప్పుల కుంపటి, దాని ముందు కర్రకి పట్టించిన లక్క ముద్ద. వేడికి మెత్తబడగానే సన్నటి తాడులా లాగి, కొలతకి తుంచి, గుండ్రంగా వంచి అతికేస్తారు. అసలు పని తర్వాతిది. ఆ వేడి ఆరేలోపు అద్దం ముక్కలూ, రంగు రాళ్లూ ఒక్కొక్కటే వరసలో గుచ్చాలి, ఆరిపోతే మళ్లీ సెగ చూపించాలి. నేను చూసిన ఒక ఆమె వేళ్ల చివర్లు నున్నగా అయిపోయాయి, గీతలే కనపడవు. "కాలదా ఖాలా?" అంటే, "చిన్నప్పుడు కాలేది బేటా" అంది, తలెత్తకుండానే. ఈ గాజులకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి ప్రత్యేకత అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు మెషిన్‌లో చేసిన మెటల్ గాజులు కొంటే సగానికి సగం అడగండి, తప్పులేదు. చేత్తో చేసిన లక్క గాజుల దగ్గర మాత్రం పీనాసితనం చూపకుండా ఇవ్వండి.

ఇంకో మాట. పొద్దున పదకొండున్నరకి, బోణీ అప్పుడు వెళ్తే బేరం తొందరగా తెగుతుంది. ఆదివారం సాయంత్రం వెళ్తే మీ మాట వినేంత తీరిక అతనికి ఉండదు.

*ప్రశ్న: హలీమ్ ఇప్పుడు మా కాలనీలోనే దొరుకుతోంది. దానికోసం రంజాన్‌లో అంత రష్‌లో పాతబస్తీకి రావాలా?*
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

తినడానికే అయితే అక్కర్లేదు. హలీమ్ ఎక్కడైనా గోధుమ, మాంసం, పప్పు, నెయ్యే. ఇటుకల భట్టీ మీద పెద్ద డేగిశాలో దాదాపు 12 గంటలు ఉడికి, ఇద్దరు మనుషులు పొడవాటి కర్రలతో దంచి దంచి ముక్కా గింజా తెలియకుండా చేయాలి, ఆ ఓపిక ఉన్న చోటల్లా బాగుంటుంది. 2010లో దీనికి జీఐ వచ్చింది, మన దేశంలో మాంసం వంటకానికి అదే మొదటిది. దీని పుట్టిల్లు చూడాలంటే బార్కస్ వెళ్లండి. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బులు ఉన్న బ్యారక్స్ అది, మన నోళ్లలో పడి బార్కస్ అయింది. వాళ్ల హరీస్‌లో మసాలా దాదాపు ఉండదు. మన హైదరాబాదీలు దానికి మిరియాలూ, వేయించిన ఉల్లిపాయా, నిమ్మకాయా తగిలించాక ఇప్పుడు మీరు తింటున్నది తయారైంది.

రంజాన్ రాత్రుల్లో పాతబస్తీకి రావాల్సింది వీధి చూడడానికి. ఇఫ్తార్ ముందు పావుగంట చూడండి, అంత రోడ్డూ తొందరపడుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం, ఎవరి చేతిలో చూసినా ఖర్జూరం. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా హలీమ్ కౌంటర్ల దగ్గర తోపులాట. తరావీ, అంటే రంజాన్ రాత్రుల్లో చేసే ప్రత్యేక నమాజ్, మొదలయ్యాక కాస్త పలచబడుతుంది, నేనైతే అప్పుడే తింటాను. నమాజ్ అయ్యాక చూసుకోండి, అత్తర్లు, సేమ్యాలు, చెప్పులు, పిల్లల బట్టలు, పదింటికి మొదలైన బజారు చివరి పది రోజుల్లో సహర్ దాకా, అంటే తెల్లవారుజామున ఉపవాసం మొదలయ్యే వేళ దాకా నడుస్తుంది. నెలవంక కనిపించిన రాత్రి మాత్రం రావొద్దు, వచ్చినా అడుగు వేయలేరు. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేడాది తారీఖు చూసుకుని లీవ్ పెట్టకండి.

*ప్రశ్న: ఇరానీ చాయ్ ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాదు. రహస్యం ఏమిటి?*
— ఓ పాఠకుడు, వరంగల్

మీరు పాలూ టీ పొడీ కలిపి కాస్తున్నారు, అదే తప్పు. డికాషన్ వేరే, మూత బిగించి దమ్ మీద ఉంచాలి. పాలు వేరే, చిక్కబడేదాకా మరిగించాలి. రెండూ కలిసేది కప్పులోనే. అయినా రాకపోతే బిస్కట్ లోపం. ఉస్మానియా ఉంటే ఎలాంటి చాయ్ అయినా సగం గట్టెక్కుతుంది.

*ప్రశ్న: బోనాలకి లాల్ దర్వాజా రావాలని నాకు చాలా రోజుల కోరిక. అదే నెలలో మొహర్రం కూడా వస్తే గొడవలు అవుతాయేమోనని మా ఆయన టెన్షన్ పడుతున్నారు.*
— ఓ సోదరి, జగిత్యాల

అమ్మా, గొడవలు ఎప్పుడూ కాలేదని నేను అబద్ధం చెప్పను. కర్ఫ్యూలో కిటికీ సందులోంచి ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్న రోజులు నా చిన్నతనంలో ఉన్నాయి. కానీ అవి ఎన్ని రోజులు, పండుగలు ఎన్నేళ్లు? 2023లో, 2024లో బోనాలూ మొహర్రమూ జులైలోనే పడ్డాయి, రెండూ జరిగాయి. 2023లోనే గణేశ్ నిమజ్జనం, ప్రవక్త పుట్టినరోజు మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28న వస్తే, మిలాద్ ఊరేగింపును ముస్లిం పెద్దలు అక్టోబర్ 1కి మార్చుకున్నారు. బాలాపూర్ గణేశుడు చార్మినార్ ముందు నుంచే హుస్సేన్‌సాగర్‌కి వెళ్లాడు.

మీకో ఏనుగు సంగతి చెప్తాను. జూ పార్కులో రజని అనే ఏనుగు ఉండేది. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు వెళ్లే బీబీ కా ఆలం అనే పీరుని అదే మోసేది, బోనాల్లో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటాన్నీ, అంటే అమ్మవారి కలశాన్నీ అదే మోసేది. ఆ రెండు ఊరేగింపుల్లో పోయే గల్లీలు, మలుపులు దానికి మనకంటే బాగా తెలిసి ఉండాలి. తర్వాత జూ ఏనుగుని పంపడం ఆగిపోయింది, ఇప్పుడు బయటి నుంచి తెప్పిస్తున్నారు. మా అమ్మ బీబీ కా ఆలంకి దట్టీ, అంటే పీరుకి కట్టే గుడ్డ ఇచ్చి, ఆషాఢంలో బోనం ఎత్తేది. దాంట్లో వింతేమీ మాకు కనపడలేదు, పల్లెల్లో మీరు పీర్ల పండుగ చేసుకోవడం లేదా?

ఇక టైమ్. బోనాలు గోల్కొండలో మొదలై, తర్వాత లష్కర్‌లో, అంటే సికింద్రాబాద్‌లో, ఆ తర్వాత పాతబస్తీలో. లాల్ దర్వాజా సింహవాహిని గుడికి బోనం సమర్పించాలంటే ఆదివారం తెల్లవారుజామునే లైన్‌లో ఉండండి, పది దాటితే వీఐపీల తాకిడి మొదలై లైన్ కదలదు. కానీ నన్నడిగితే సోమవారం రండి. రంగం ఆ రోజే, జోగిని పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది. మధ్యాహ్నం నుంచి ఒక్కో గుడి ఘటం బయల్దేరుతుంది, పోతరాజులు, డప్పులు, ఫలహారం బండ్లు, అన్నీ కలిసి చార్మినార్ మీదుగా నయాపూల్ దగ్గర మూసీకి చేరేసరికి బాగా రాత్రవుతుంది. పిల్లలుంటే పోతరాజుకి కాస్త దూరంగా నిలబెట్టండి, కొరడా ఎటు తిరుగుతుందో చెప్పలేం. మొహర్రం పదో రోజు చూడాలనుకుంటే అది సంబరం కాదు, సంతాపం. మామూలు బట్టలతో వచ్చి పక్కన నిలబడండి, ఫోన్ జేబులో ఉంచండి, ఎవరైనా షర్బత్ ఇస్తే కాదనకండి.

*ప్రశ్న: సంక్రాంతికి పతంగుల కోసం ఎప్పుడు రావాలి?*
— ఎనిమిదో తరగతి, సూర్యాపేట

వారం ముందే రా బాబూ, పండగ ముందురోజు ధూల్‌పేటలో మంచి పతంగులు మిగలవు. చైనా మాంజా ఎవడు ఇచ్చినా తీసుకోకు, అది పిట్టల గొంతులూ మనుషుల గొంతులూ కోస్తుంది, అమ్మడం కూడా నేరం. ఎదుటివాడి పతంగి తెగితే "అఫా!" అని అరవాలి, లేకపోతే లెక్కలోకి రాదు.

*ప్రశ్న: చార్మినార్ దగ్గర ఒక చాయ్ కొట్టాయన్ని హోటల్ ఎప్పుడు పెట్టారని అడిగితే "పర్సోం" అన్నాడు. గోడ మీద ఫొటో చూస్తే నలభై ఏళ్ల నాటిది. నన్ను ఆటపట్టించాడా?*
— బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి

లేదండీ, నిజమే చెప్పాడు. దక్కనీలో పర్సోం అంటే మొన్నా అవుతుంది, పోయినేడాదీ అవుతుంది, వాళ్ల నాన్న పెళ్లిరోజూ అవుతుంది. మా నానమ్మ "మొన్న మూసీకి వరదొచ్చినప్పుడు" అని చెప్పేది. ఆ వరద 1908లో వచ్చింది, అప్పటికి ఆవిడ పుట్టనే లేదు.