డ్రాయింగ్ టీచర్ అవ్వాలంటే: బీఎఫ్‌ఏనా, టీటీసీనా?

చెల్లీ, ఇంటర్ బైపీసీ అయ్యాక డ్రాయింగ్ టీచర్ అవ్వాలని ఉందనీ, ఇంట్లో టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) చాలు అంటున్నారనీ రాశావు కదా. మీ వాళ్లది పూర్తిగా తప్పు కాదు. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ శిక్షణ చేసినవాళ్లు మన బడుల్లో చాలామందే ఉన్నారు. కానీ అక్కడితో ఆగితే దారి ఇరుకు. వీలైతే నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చెయ్యి, టీటీసీ మధ్యలో ఏ వేసవిలోనైనా చూసుకోవచ్చు.

బైపీసీ అని టెన్షన్ వద్దు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏకి ఏ గ్రూపైనా పర్లేదు, ప్రవేశ పరీక్ష మాత్రం రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ఉన్నాయి. అచ్చంగా ఆర్ట్ ఎడ్యుకేషన్ పేరుతోనే బీఎఫ్‌ఏ కావాలంటే ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియా చూడు.

ప్రవేశ పరీక్షలో చాలామందిని ముంచేది మెమరీ డ్రాయింగ్, అంటే ఎదురుగా ఏమీ లేకుండా గుర్తున్నదాన్ని బట్టి బొమ్మ వెయ్యడం. నేనూ మొదటిసారి అక్కడే బోల్తా పడ్డాను, బస్టాప్ వేయమంటే మనుషులంతా కర్రబొమ్మల్లా నిలబడ్డారు! రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గర పది నిమిషాలు చూసి, ఇంటికొచ్చి వెయ్యి. ఇత్తడి చెంబు, పక్కన రెండు ఉల్లిపాయలు పెట్టి షేడింగ్ చెయ్యి. చెంబు మూతి గుండ్రం సరిగ్గా కుదిరిందంటే సగం చెయ్యి తిరిగినట్టే.

నీ బొమ్మలు రెండు ఫొటో తీసి ఇక్కడే పెట్టు, చూసి చెప్తాను.